మూడడుగుల వెనక నిలబడ్డాయన

ఇది రెండు కెమెరాల మధ్య జరిగిన మహాసంగ్రామం అని మొదలుపెట్టాలని ఉంది. నిజానికి కొంటా బస్టాండులో రెండు నిమిషాల పని. చిన్న సెన్సరుండే నా క్రాప్ సెన్సర్ కెమెరానే ఉంచుకోవాలా, పెద్ద సెన్సరుండే ఫుల్‌ఫ్రేమ్ కొనాలా తేల్చుకోడానికి స్నేహితుడిది అడిగి తెచ్చుకున్నాను. పోర్ట్రెయిట్‌లో ముఖం వెనక ఉన్నదంతా ఎంత మసకగా కరిగిపోతే అంత గొప్ప అన్నది అప్పటి నా సిద్ధాంతం.

పక్కన కూర్చున్న పెద్దావిడ ఆ కెమెరానే చూస్తోంది.

"మా ఇద్దరిదీ ఓ ఫొటో తియ్యి బిడ్డా. ముసలాయనను భద్రాచలం దవాఖానకు తీస్కపోతున్న. ఇంట్ల ఆయన ఫొటో ఒక్కటి లేదు."

ఆయన భార్య పక్కన నిలబడటానికి సిగ్గుపడి, మూడడుగుల వెనక గోడకు ఆనుకున్నాడు. నేను ఫుల్‌ఫ్రేమ్ అందుకుని, వెనకదంతా మసకబారేలా లెన్స్ కన్నం పూర్తిగా తెరిచి నొక్కాను. ఆవిడ కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. గర్వంగా చూపించాను.

"మా ఆయనేడి?"

వెనకున్న గోధుమరంగు మసక మీద వేలు పెట్టాను.

మళ్లీ తీద్దామనుకునేసరికి బస్సొచ్చింది. కండక్టరు తొందరపెడుతుంటే ఆయన్ను ముందు ఎక్కించి, ఆవిడ మెట్టు మీద నుంచి వెనక్కి తిరిగింది.

"పోనీలే బిడ్డా. నేనైతే మంచిగొచ్చిన."

తిట్టినా బాగుండేది. చేతిలో ఒకటి, సంచిలో ఒకటి, రెండు కెమెరాలున్న మనిషిని, బస్సు కదిలేదాకా తలెత్తలేకపోయాను.

లెన్స్ కన్నం చిన్నదయ్యేలా ఎఫ్ పదకొండుకు తిప్పితే ఏ కెమెరాలోనైనా ఇద్దరి ముఖాలూ తెలుస్తాయి. దానికో చిన్న చక్రం ఉంటుంది.