బరువు కోసం పెట్టిన ఇనుము

మా ఎలక్ట్రానిక్స్ సార్ పోయారన్న సంగతి నాకు క్లాసు గ్రూపులో తెలిసింది. సూర్యాపేట హాస్టల్లో పొద్దున టిఫిన్ ప్లేటు పట్టుకొని వరుసలో నిలబడి ఉన్నాను. కోదాడలో పని చేసుకుంటున్న దుకాణంలోనే గుండెలో నొప్పి అన్నారట, దవాఖానకు చేరేలోపే అయిపోయిందట. ఆ కబురు కింద ఎవరో దీపం బొమ్మ పెట్టారు. వెంటనే అదే దీపం, ఒకరి వెనక ఒకరు. ఒకతను "మా గ్రామానికి మీరు చేసిన సేవలు మరువలేనివి" అని పెట్టాడు. ఏ సర్పంచి కోసమో రాసినదాన్ని తెచ్చి అతికించాడని చదివితే తెలిసిపోతుంది. తర్వాత పదిమంది దాన్నే మళ్ళీ అతికించారు. సార్ ఏ గ్రామానికీ సేవ చేయలేదు, మాకు పాఠం చెప్పారు. నకలు అంటే ఏమిటో ఏడాది పొడుగునా చెప్పిన మనిషిని మేము సాగనంపిన తీరు అది.

సార్‌ది కోదాడ. రోజూ బస్సులో సూర్యాపేట వచ్చి మా ప్రైవేటు పాలిటెక్నిక్‌లో చెప్పేవారు. చేతిసంచిలో టిఫిన్ డబ్బాతో పాటు పాడైన ఫోన్లు ఉండేవి. సొంత ఫోనుకు వెనక మూత ఊడిపోతే రబ్బరు బ్యాండు వేసి వాడేవారు. ఇంగ్లీషు మాట ఒకటి బోర్డు మీద రాసి, "దీన్ని ఇంటికి పోయి మీ నాయనకు ఎట్లా చెప్తావు?" అని అడగడం ఆయన అలవాటు. చెప్పలేకపోతే, "అయితే నీకు ఇంకా అర్థం కాలేదు, కూర్చో" అనేవారు. తెలుగు మాటల మీద నాకు ఇష్టం పుట్టింది తెలుగు క్లాసులో కాదు, అక్కడ. నా ఎలక్ట్రానిక్స్ నోటుబుక్కు వెనక పేజీలు మాటలతో నిండిపోయాయి.

ఒకరోజు ట్రేడాఫ్ అని రాశారు.

"ఏందమ్మా దీనర్థం?" అని నన్ను లేపారు.

"అడ్జస్ట్‌మెంట్ సార్."

"అదీ ఇంగ్లీషేగా. మీ నాయన ముందర కూర్చొని చెప్పు."

నేను తడుముకుంటుంటే వెనక బెంచీలోంచి మిర్యాలగూడ అబ్బాయి, "రాజీ పడుడు సార్. మా ఇంట్ల అమ్మ నాయిన రోజు పడ్తరు" అన్నాడు.

సార్ క్లాసంతటితో పాటు నవ్వారు. తర్వాత సంచిలోంచి ఒక ఫోను తీసి మూత విప్పారు. "ప్రతి ఫోనూ ఒక రాజీపత్రం" అన్నారు. పలచగా కావాలంటే బ్యాటరీ చిన్నది అవుతుంది. నీళ్ళు పోకూడదంటే జిగురు వేసి మూయాలి, అప్పుడు బాగుచేసేవాడికి కష్టం. వెనక అద్దం పెడితే అందం, కింద పడితే పగులు. మంచి కెమెరా కావాలంటే కటకానికి లోతు కావాలి, అందుకే అక్కడ కొంచెం ఉబ్బుగా ఉంటుంది. "చేసినవాడు దేనికోసం ఏది వదులుకున్నాడో వాడికి తెలుసు. నకలు కొట్టేవాడు ఆ ఉబ్బును చూస్తాడు, ఉబ్బే పెడతాడు. లోపల కటకం ఉండదు. నష్టాన్ని కూడా నకలు కొడతాడమ్మా, లాభం మాత్రం రాదు."

ఆ మాట నోటుబుక్కు వెనక రాసుకున్నాను. రాసుకోవడం వల్ల మనిషికి బుద్ధి రాదని ఇప్పుడు తెలుస్తున్నది.

రెండో ఏడాదిలో కాలేజీ వాళ్ళు ప్రతి విద్యార్థికీ ఒక ట్యాబు ఇస్తామన్నారు. దాని ధర ఫీజులోనే కలిపారు. పెట్టెలు వచ్చాయి. ల్యాబుకు వచ్చే సామాను చూసి, బాగుందని సంతకం పెట్టే బాధ్యత సార్‌ది. ఆయన ఒకదాన్ని విప్పి చూశారు. సంతకం పెట్టలేదు. పెట్టెలు ల్యాబులో ఒక మూల అట్లాగే ఉండిపోయాయి. మేము రోజూ కిటికీలోంచి వాటిని చూసేవాళ్ళం. మిర్యాలగూడలో వేరే కాలేజీ పిల్లలకు అప్పటికే వచ్చాయి, వాళ్ళు ఫోటోలు పెడుతున్నారు. పరీక్షలు దగ్గరపడ్డాయి. మాలో సగం మంది ఇంట్లో ఒకే ఫోను, అది నాయన జేబులో ఉంటుంది. పాఠాలు చూసుకునే తెర లేదు.

క్లాసు లీడరును నేనే. మిర్యాలగూడ అబ్బాయిని వెంటపెట్టుకొని స్టాఫ్ రూముకు పోయాను.

సార్ మమ్మల్ని కూర్చోమని, విప్పిన ట్యాబు ముందర పెట్టారు. పైకి పెద్ద కంపెనీదానిలాగే ఉంది. అంచుల వంపు, వెనక మెరుపు, కెమెరా దగ్గర మూడు గుండ్రాలు, అన్నీ అట్లాగే. లోపల చూస్తే ఆ మూడింట్లో రెండు ఉత్త గాజు బిళ్ళలు. బ్యాటరీ అరచేతిలో సగం ఉంది. మిగిలిన చోట రెండు ఇనుప పలకలు అతికించి ఉన్నాయి.

"ఇవెందుకు సార్?" అన్నాడు మిర్యాలగూడ అబ్బాయి.

"బరువు కోసం. ఖాళీగా వదిలేస్తే చేతిలోకి తీసుకోగానే తెలిసిపోతుంది. మనవాళ్ళు ఏదైనా చేత్తో తూచి చూస్తారుగా. ఆ సంగతి వీడికి బాగా తెలుసు."

నిజమే. మా నాయన సూర్యాపేట మార్కెట్‌లో వడ్లు గుప్పిట్లోకి తీసుకొని, తాలు ఎంతుందో కళ్ళు మూసుకొని చెప్తాడు. ఆ చేతిని ఎన్నడూ ఎవరూ మోసం చేయలేదని మా ఇంట్లో గర్వం.

"ఇవి వాపసు పంపాలి. నేను రాస్తాను" అన్నారు సార్.

"వాపసు పోతే మల్ల రావు సార్. జర ఆలోచించుండ్రి. ఏదో ఒకటి, వీడియో అయితే నడుస్తది కదా" అన్నాను.

"ఎన్నాళ్ళు నడుస్తది?"

"పరీక్షల దాక నడిస్తే చాలు."

సార్ తల అడ్డంగా ఊపారు. అప్పుడు నేనన్న మాట ఇది: "మీకేంది సార్, మీ ఇంట్ల అన్ని ఉంటయి. తెర లేనిది మాకు."

రబ్బరు బ్యాండు వేసిన ఆయన ఫోను అదే టేబుల్ మీద ఉంది. అది నాకు కనబడుతూనే ఉంది. సార్ దానివైపు చూడలేదు, నావైపే చూశారు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. కాగితం ముందుకు లాక్కున్నారు. కనీసం "ఒకటే విప్పి చూశాను" అని పక్కన రాసుకోండని మిర్యాలగూడ అబ్బాయి అన్నాడు. "సగం సంతకం అని ఉండదు నాన్నా" అంటూ సంతకం పెట్టేశారు.

ఇన్నాళ్ళూ సార్‌ను బతిమాలామని నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. అది బతిమాలడం కాదు, ఎత్తిపొడవడం. సరైన మాట వెతుక్కోవడం నేర్పిన మనిషి దగ్గర తప్పు మాట వెనక దాక్కున్నాను.

ట్యాబు ఇంటికి తీసుకుపోతే తిరుమలగిరిలో నేను బస్సు దిగిన చోటనే మా నాయన చేతిలోకి తీసుకొని పైకీ కిందికీ ఆడించాడు. "బరువుంది బిడ్డా. నికరమైన మాలే" అన్నాడు. నేను ఊఁ అన్నాను.

పరీక్షల దాకా నడిచాయి, నేను కోరినట్టే. తర్వాత ఒక్కొక్కటీ చార్జింగు ఎక్కడం మానేశాయి. కొన్నిట్లో బ్యాటరీ ఉబ్బి తెర పైకి లేచింది. తల్లిదండ్రులు కాలేజీకి వచ్చారు. కరస్పాండెంట్ గారు లోపలినుంచి కాగితం తెప్పించి అందరికీ చూపించారు. "మాకేం తెలుస్తదండీ, సబ్జెక్టు చదివిన సారే చూసి బాగుందని సంతకం పెట్టిండు" అన్నారు. సార్ పక్కనే నిలబడి ఉన్నారు. "నాదే సంతకం" అన్నారు, అంతే. విద్యార్థుల వరుసలో ముందు నేనే ఉన్నాను. ఒక్క మాట చెప్తే సరిపోయేది. చెప్పలేదు.

ఇంటికి వచ్చాక నాయన అన్నం కలుపుకుంటూ, "మీ సారుకు ఎంత ముట్టిందో" అన్నాడు. నేను పెరుగు వేసుకున్నాను.

ఆ ఏడాది చివర్న సార్‌ను ఉద్యోగం మానిపించారు. కోదాడలో ఒక మొబైల్ దుకాణంలో బల్ల కిరాయికి తీసుకొని ఫోన్లు బాగుచేయడం మొదలుపెట్టారు. మా ట్యాబులు ఎవరు తెచ్చినా డబ్బు తీసుకోకుండా చేసిచ్చేవారట. నేనూ ఒకసారి పోయాను. ఏమీ జరగనట్టే, "రామ్మా, తిన్నావా?" అన్నారు. పలచటి రేకుతో మూత లేపి, ఇనుప పలకలు పీకి, పాత ట్యాబు బ్యాటరీ ఒకటి చూసి కూర్చోబెట్టారు. చేతికిస్తూ, "తేలికైంది. మీ నాయనకు నచ్చదేమో" అని నవ్వారు. నేను క్షమించమని అడగడానికే పోయాను. అడగలేక ఒక పరీక్ష ప్రశ్న అడిగాను. ఆయన స్క్రూడ్రైవరు పక్కన పెట్టి, గిరాకీని కూర్చోబెట్టి, నాకు ఆ జవాబు మొత్తం చెప్పారు. అదే చివరిసారి చూడటం.

పెద్దకర్మ నాడు కోదాడ పోయాను. ఇంటి ముందర టెంటు వేశారు. కాలేజీ వాళ్ళు పంపిన ఫ్లెక్సీ ఒకటి లోపలి గోడకు కట్టి ఉంది. బయట విస్తర్లు పరుస్తున్నారు, సార్ భార్య తానే గరిటె పట్టుకొని వడ్డిస్తున్నారు. అప్పుడు భుజాన తువ్వాలతో ఒకాయన వచ్చాడు. నిడమనూరు నుంచి రెండు బస్సులు మారి వచ్చానని చెప్పాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మా కాలేజీ ట్యాబు. ఆనాడు కాలేజీకి వచ్చిన తల్లిదండ్రుల్లో ఆయనా ఉన్నాడు.

"సంతకం పెట్టిన సారు ఇల్లు ఇదేనా?" అని గట్టిగా అడిగాడు. టెంటు చూశాడు, విస్తర్లు చూశాడు. "మంచిగుంది. మా పిల్లల సొమ్ముతోని దావతులా?"

ఆయన చూపు లోపలికి పోయి, దండ వేసిన ఫోటో మీద పడింది. తువ్వాల భుజం మీదనుంచి తీసి చేతిలో పట్టుకున్నాడు.

నేను లేచాను. "పెద్దనాయనా, సార్‌ది తప్పు లేదు. లోపల ఇనుము ఉందని మాకు ముందే చూపిచ్చిండు. వాపసు పంపుతనన్నడు. మీదబడి సంతకం పెట్టిచ్చింది నేను."

ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "మరి గా నాడు అందరి ముందర ఎందుకు చెప్పలె?"

సార్ భార్య గరిటె పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. సంతకం నేనే పెట్టించానన్న సంగతి సార్ ఆమెకు కూడా చెప్పలేదని ఆ ముఖం చూస్తే తెలిసింది. ఆమె నిడమనూరు నుంచి వచ్చినాయనవైపు తిరిగి, "అన్నయ్యా, ఎప్పుడు బయలుదేరారో ఏమో. ముందు కూర్చొని తినండి" అన్నారు.

ఆయన చెప్పులు విడిచి, చేతులు కడుక్కొని వరుస చివర కూర్చున్నాడు. కవరు విస్తరి పక్కన పెట్టుకున్నాడు. ఆమె అన్నం పెట్టి పప్పుచారు పోశారు. అది పలచగా ఉండి, విస్తరి అంచు దాటి కవరువైపు పారింది. ఆయన ఎడమచేత్తో ట్యాబును ఎత్తి ఛాతీకి ఆనించుకున్నాడు. తల ఎత్తకుండా, కుడిచేత్తో మెల్లగా తింటూ ఉన్నాడు.