మోరీ పక్కన దిగిన ఫోటో

మొన్న ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా మనవరాలు సోఫాలో కాళ్లు ముడుచుకుని కూర్చుని ఫోన్లో ఏదో చదువుతూ ఉన్నట్టుండి పెద్దగా నవ్వింది. ఎంతో అందమైన దేశాల్లో ఉండి కూడా చూడ్డానికి ఏమాత్రం బాగుండని నగరాలేవో ఎవరో ఏరి జాబితా రాశారట. కొండలూ సముద్రాలూ పూలతోటలూ ఊహించుకుని వెళ్లిన యాత్రికులు దిగగానే మొహం చిట్లించుకునే ఊళ్లన్నమాట. ఒక్కొక్క పేరూ చదివి వినిపించి, చివర "తాతయ్యా, మన సికింద్రాబాద్‌ని మర్చిపోయారు చూడు, కామెంట్ పెట్టనా?" అంది. నేనూ నవ్వాను. పద్మారావు నగర్‌లో మా బాల్కనీలోంచి చూస్తే ఎదుటి అపార్టుమెంటు వాళ్ల బనియన్లూ, నీళ్ల ట్యాంకులూ, చిక్కుపడ్డ కేబుల్ వైర్లూ తప్ప మరేమీ కనిపించవు కనుక ఆ పిల్లతో వాదించడానికి నా దగ్గర సరుకేమీ లేదు. కానీ నవ్వు ఆగాక మా ఆవిడ గుర్తొచ్చింది. ఈ ఊరు బాగాలేదన్న ఒక్క సంగతి మీద నా సంసారం నిలబడుతుందా, మొదలవకుండానే ముగిసిపోతుందా అని నేను బిక్కుబిక్కుమంటూ తిరిగిన రోజులు గుర్తొచ్చాయి.

నాది విజయనగరం దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే చిన్న ఊరు. ఇంటి వెనక సరుగుడు తోట, తోట దాటితే ఇసుక, ఇసుక దాటితే సముద్రం. అంత అందమైన ఊళ్లో నాకు చెయ్యడానికి పని మాత్రం లేదు. బొమ్మలు వేసే చెయ్యి ఉందని మా మేనమామ ఎవరెవరినో పట్టుకుని నన్ను సికింద్రాబాదు పంపిస్తే, రెజిమెంటల్ బజార్‌లో, స్టేషనుకు నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఒక ఫోటో స్టూడియోలో తెరలు గీసే పనికి కుదిరాను. నా ఈడు వాళ్లకు చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో ఫోటో అంటే వెనక ఒక తెర ఉండి తీరాలి. పాలరాతి మెట్లూ, పూలకుండీలూ, ఒక చెరువూ, చెరువు అవతల కొండా, కొండ పైన ఎవరిదో తెలియని మేడా. మందపాటి గుడ్డకు సుద్దా జిగురూ కలిపి పూసి, ఎండబెట్టి, దాని మీద గీసేవాళ్లం. తీసేది నలుపు తెలుపు ఫోటో కాబట్టి రంగులతో పని లేదు. నలుపూ తెలుపూ, మధ్యలో నాలుగైదు రకాల బూడిదరంగులూ, అంతే. పచ్చని చెట్టును బూడిదరంగులో ఊహించడం అలవాటయ్యేదాకా నాకు కొన్నాళ్లు తల తిరిగింది.

మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది నాలాంటివాళ్లే. ఎక్కడెక్కడి నుంచో బతకడానికి వచ్చినవాళ్లు, కంటోన్మెంటు సిపాయిలు, వర్క్‌షాపుల్లో పనిచేసేవాళ్లు. ఊరికి ఒక ఫోటో పంపాలి, తాము బాగున్నట్టు కనిపించాలి. స్టూడియో యజమాని తాతల కాలం నుంచీ ఇక్కడే ఉన్న మనిషి, ఊరిని ఎవరైనా తిడితే కోపం తెచ్చుకునేవాడు కాడు, పైగా సంతోషించేవాడు. "ఊరు సక్కగుంటే మన తెర ముందల ఎవడు నిలబడతడయ్యా? గీ గలీజే మనకు అన్నం పెడుతున్నది" అనేవాడు. ఆ మాటలో నిజం ఉంది. దేశంలో అందమంతా ఒకచోటా, అన్నమంతా మరొకచోటా పెట్టాడేమో దేవుడు అని నాకు చాలాసార్లు అనిపించేది.

నాకు పెళ్లి సంబంధం వచ్చినప్పుడు స్టూడియోలో పెళ్లిళ్ల పని ఊపిరాడనివ్వకుండా ఉంది, సెలవు దొరకలేదు. మా అమ్మా, మేనమామా వెళ్లి పిల్లను చూసి వచ్చారు. సాలూరు అవతల కొండల అంచున ఊరు, వ్యవసాయం చేసుకునే కుటుంబం. నా తరఫున నా ఫోటో వెళ్లింది. ఏ తెర ముందు నిలబడాలా అని నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నేను గీసిన వాటిలోకెల్లా నాకు ముద్దొచ్చిన తెర ముందు, ఆ చెరువూ కొండా మేడా ఉన్నదాని ముందు, సిమెంటు పిట్టగోడ మీద చెయ్యి ఆనించి దర్జాగా నిలబడ్డాను. ఆ పనిలో ఉన్నవాడికి తెర అంటే తెరే. దాన్ని చూసి ఎవరైనా ఊరనుకుంటారని కలలో కూడా తోచదు. అక్కడ మా కాబోయే మామగారు ఫోటో చేత్తో పట్టుకుని సికింద్రాబాదంటే ఇలాగే ఉంటుందా అని అడిగితే, సికింద్రాబాదు మొహం ఎన్నడూ చూడని మా మేనమామ, ఏమాత్రం తడుముకోకుండా, అంతా ఇలాగే ఉంటుందని చెప్పి వచ్చాడట.

వైశాఖంలో పెళ్లయింది, జ్యేష్ఠంలో కాపురానికి వచ్చింది. రెజిమెంటల్ బజార్‌లో ఒక సందులో, బండి పట్టని చోట, మాది ఒకే ఒక్క గది. గుమ్మం ముందు బారెడు వెడల్పున మోరీ, అంటే మురిక్కాలవ, దాని మీద దాటడానికి ఒక బండ, ఎదురుగా పోస్టర్లు చింపగా మిగిలిన గోడ, ఆ గోడకు ఆనుకుని కుళాయి, కుళాయి దగ్గర పొద్దున్నే బిందెల వరుస. కొండల మధ్య పుట్టి పెరిగిన ఇరవై ఏళ్ల పిల్ల ఆ బండ దాటి లోపలికి వచ్చి, కిటికీలోంచి బయటికి ఒకసారి చూసి, కిటికీ మూసేసింది. నాలుగు రోజులు వంట చేసింది, బట్టలు ఉతికింది, కుళాయి దగ్గర వంతు కోసం నిలబడింది. అయిదో రోజు అన్నం వడ్డిస్తూ, ఏదో కూరగాయల సంగతి అడిగినంత మామూలుగా, "ఆ సెరువు ఎటేపున్నాదండీ?" అంది.

నిజం చెప్పేయడానికి అదే మంచి సమయం, కానీ మనిషినన్నాక బుద్ధి గడ్డి తినకుండా ఉంటుందా! ఆదివారం చూపిస్తానన్నాను. ఆదివారం సాయంత్రం బస్సెక్కించి ట్యాంక్‌బండ్ మీదికి తీసుకెళ్లి, ఇదిగో నీళ్లు అని గర్వంగా చెయ్యి చాపాను. ఆమె పమిట భుజాన కప్పుకుని, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఓపికగా చూసి, "కొండేదండీ?" అంది. ఆ తర్వాత మెట్లేవీ అంది, మేడేదీ అంది. ఇక తప్పించుకునే దారి లేక, అక్కడే, వేరుసెనక్కాయల పొట్లం చేతిలో పట్టుకుని, అదంతా గుడ్డ మీద నేను గీసిన బొమ్మ అని చెప్పేశాను. తిట్టినా బాగుండేది. ఆమె నీళ్ల వైపే చూస్తూ చాలాసేపు నిలబడి, ఆ గుడ్డను చూడాలంది.

మర్నాడు స్టూడియోకు తీసుకెళ్లి తెర విప్పి చూపించాను. దగ్గరికి వెళ్లి చేత్తో తాకింది, వేలికి సుద్ద అంటుకుంది. "రంగులైనా ఎయ్యనేదేటండీ?" అంది. అబద్ధం చెప్పినందుకన్నా ఆ అబద్ధం బూడిదరంగులో ఉన్నందుకే ఆమెకు ఎక్కువ బాధ కలిగినట్టుంది. పక్కనే బల్ల మీద నేను చేసే మరో పని కూడా చూపించాను. నెగెటివ్ మీద సన్నని పెన్సిలుతో మొటిమలూ మచ్చలూ మాపేయడం. ఆవిడ ఒక మచ్చల మొహం శుభ్రపడటం చివరిదాకా కళ్లార్పకుండా చూసింది. ఏదైనా ఇలాగే చెరిపెయ్యొచ్చా అని అడిగితే, నా పనితనం చూపించుకునే ఉబలాటంలో, ఏదైనా చెరిపెయ్యొచ్చని చెప్పాను.

ఇంతలో ఆషాఢం దగ్గరపడింది. కొత్త పెళ్లికూతురు ఆ నెల పుట్టింట్లో ఉండాలి, అల్లుడు అత్తవారి గడప తొక్కకూడదు. మా బావమరిది వచ్చి ఆమెను తీసుకెళ్లడానికి రోజు కుదిరింది. ప్రయాణానికి మూడు రోజుల ముందు ఆమె ఒక కోరిక కోరింది. ఊరికి తీసుకెళ్లడానికి ఒక ఫోటో కావాలి, తెర ముందు కాదు, మా గుమ్మం ముందు. మా గతి ఇదీ అని పుట్టింటి వాళ్లకు చూపించడానికి సాక్ష్యం పట్టుకెళ్తోందని, ఆషాఢం పోయి శ్రావణం వచ్చినా ఇక తిరిగి రాదని నాకు అనుమానం లేకుండా తెలిసిపోయింది. అయినా కాదనడానికి నాకు మొహం చెల్లలేదు.

మా యజమాని పెళ్లిళ్లకు వాడే చిన్న కెమెరా పట్టుకుని సందులోకి వచ్చి నెత్తి కొట్టుకున్నాడు. "ఏందమ్మా గిది! మోరీ పక్కన నిలవడి ఎవరన్న ఫోటో దిగుతరా? జెర దుకాణంల కొస్తే మంచి తెర ముందల తీస్త కదా!" అని బతిమాలాడు. ఆమె బండ మీద నిటారుగా నిలబడి, "ఆ కాలవ కూడా పడాలండి బాబూ" అంది. చుట్టూ కుళాయి దగ్గరి ఆడవాళ్లంతా నవ్వారు. ఆయన గొణుక్కుంటూనే, మోరీ పడేలా రెండడుగులు వెనక్కి వెళ్లి తీశాడు.

నెగెటివ్ నా బల్ల మీదికి వచ్చింది. నెగెటివ్‌లో నల్లనిది తెల్లగా కనిపిస్తుంది కనుక, వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే మా మోరీ అందులో చిన్న ఏటిపాయలాగా తళతళా మెరుస్తూ ఉంది. నా భుజం మీంచి చూసి మా యజమాని "కొద్దిగ టచప్ కొట్టు, మోరీ బండలేసిన ఫరష్ లెక్క అయితది, అత్తగారోళ్ల ముందల ఇజ్జత్ ఉంటది" అన్నాడు. అక్షరాలా నిజం. రెండు పూతలు పెన్సిలు తిప్పితే మోరీ సిమెంటు అరుగవుతుంది, గోడకు సున్నం వేసినట్టవుతుంది, వైర్లు మాయమవుతాయి. ఒక గంట పని. పెన్సిలు చెక్కుకున్నాను కూడా. అంతలో ట్యాంక్‌బండ్ మీద ఆమె నీళ్ల వైపు చూస్తూ నిలబడిన తీరు గుర్తొచ్చింది. ఇంకోసారి ఆ పిల్లను అలా నిలబెట్టలేననిపించింది. పోతే పోయిందనుకుని, మోరీతో సహా ఉన్నది ఉన్నట్టు ప్రింటు వేసి ఇచ్చాను. ఆమె ఫోటోను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, తన మొహం కూడా సరిగ్గా చూసుకోకుండా, కిందిభాగం వైపే కాసేపు చూసి, చీరల మడతలో పెట్టుకుంది.

ఆషాఢమంతా వానలు. రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. శ్రావణం వచ్చి వారం దాటింది. కుళాయి దగ్గర ఆడవాళ్లు అడగడం మానేశారు, అది అడగడం కన్నా ఎక్కువ బాధగా ఉండేది. మా యజమాని మాత్రం రోజూ పొద్దున్నే నా మొహం చూసి, తానే తప్పు చేసినవాడిలా, చాయ్ తెప్పించేవాడు. వెళ్లి బతిమాలుకుందామంటే ఏ మొహం పెట్టుకుని వెళ్లను? ఆ రోజుల్లో నాకు ఈ ఊరి మీద ఎంత అసహ్యం పుట్టిందో చెప్పలేను.

ఒక ఉదయం నేను పనికి బయల్దేరుతుంటే సందు మొదట్లో మా మామగారు కనిపించారు. వెనక నెత్తిన మూటతో మా ఆవిడ. ఆయన చేతిలో ఆ ఫోటో ఉంది. దాన్ని కాస్త దూరంగా పట్టుకుని గోడ వైపు చూశారు, కుళాయి వైపు చూశారు, మోరీ వైపు చూశారు, మళ్లీ ఫోటో వైపు చూసుకున్నారు. తర్వాత ఫోటో జేబులో పెట్టుకుని, నెమ్మదిగా బండ దాటి నా దగ్గరికి వచ్చి, "ఉన్నదున్నట్టే ఉంది బాబూ" అన్నారు. అంతకు మించి ఊరి గురించి ఆయన బతికున్నన్నాళ్లూ మరో మాట అనలేదు. నేను లోపలికి వెళ్లి, నీళ్లు తెచ్చే వంకతో, కళ్లు తుడుచుకున్నాను.

ఆమె ఎందుకు తిరిగి వచ్చిందో నేను అడగలేదు. జాలిపడి వచ్చిందనుకున్నాను, పెళ్లయిపోయింది కదా అని సర్దుకుందనుకున్నాను. ఆ గది వదిలి వేరే ఇంటికి మారాం, పిల్లలు పుట్టారు, రంగుల ఫోటోలు వచ్చి నా తెరలు మూలపడ్డాయి, నేను సైన్‌బోర్డులు రాసే పనిలో పడ్డాను. చాలా ఏళ్లకు, పద్మారావు నగర్‌కు వచ్చాక, ఒక మధ్యాహ్నం బాల్కనీలో గోంగూర వలుస్తూ తనే చెప్పింది. "మావూరు సూసినోలందరూ ఎంత బాగుందో, ఎంత బాగుందో అనుకుంటా ఎల్లిపోనారు. ఒక్కలూ ఉండిపోనేదు. బాగుండడం సూసి కాపరం సెయ్యనేదు నాను. మీరా కాలవ సెరిపేస్తారో నేదో అని సూసేను. సెరిపేసుంటే రాకపోదును." ఇంత చెప్పి, కాడలు ఏరి పక్కన పెట్టి, లోపలికి వెళ్లిపోయింది. పెన్సిలు చెక్కుకున్న సంగతి నేను అప్పుడూ చెప్పలేదు. అది చెప్పకపోవడం కూడా ఒక చెరపడమేనేమో, ఇప్పుడనిపిస్తోంది.

ఆమె పోయి రెండేళ్లు దాటింది. ఆ మోరీని ఏనాడో కప్పేశారు, సందులో ఇప్పుడు బైకులు నిలబడి ఉంటున్నాయి, స్టూడియో ఉన్నచోట ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. ఊళ్లో అక్కడక్కడా గోడలకు రంగులు వేశారు, దీపాలు పెట్టారు, కొన్ని దారులు నిజంగానే శుభ్రపడ్డాయి. ఫోటోలో నచ్చనిదాన్ని వేలితో రుద్ది మాయం చేయడం ఇప్పుడు చిన్నపిల్లలకు కూడా వచ్చు, వాళ్లను నేను తప్పుపట్టను, నేను అన్నం తిన్న విద్యే అది. పోయినేడాది అందరూ పోరుపెడితే మా ఊరు వెళ్లి, సముద్రం పక్కన పది రోజులుండి, తోచక తిరిగి వచ్చేశాను. అన్నేళ్లూ మేమిద్దరం పొద్దున లేస్తే ఈ ఊరిని తిట్టుకుంటూనే గడిపాం. వాన పడితే తిట్టాం, ఎండ కాస్తే తిట్టాం, చెట్టు కొట్టేస్తే కాఫీ చల్లారిపోయేదాకా తిట్టాం. ఇవాళ ఏ రోడ్డు తవ్వేసినా ఇంటికి రాగానే చెప్పాలని నోటిదాకా వస్తుంది, లోపలికి వచ్చి చెప్పులు విడిచేసరికి ఎవరికి చెప్పాలో తెలియదు. ఈ ఊరు బాగాలేదని నాతో పాటు ఒప్పుకునే మనిషి లేకపోయాక, నాకీ ఊరు నిజంగానే బాగాలేదు.