తాత వేసిన కంప

మా సిమెంటు ఫ్యాక్టరీ నర్సరీ తాత సోమవారం పొద్దున పోయాడు. కబురు తెలిసేసరికి నేను కంపెనీ పర్యావరణ నివేదికలో స్థానిక వృక్షజాతుల పేజీ రాస్తున్నాను. అందులో ప్రతి చెట్టు పేరూ ఆయన నోట విన్నదే. ఆయన పేరు మాత్రం ఏ పేజీలోనూ లేదు. కంప్యూటర్ ముందు కూర్చునే ఏడ్చాను.

మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు. నల్గొండ ఎండకు మాడని చెట్టేదో, మేక ముట్టని ఆకేదో అడగాల్సింది ఆయన్నే. చెవి వెనక బీడీ ఉండేది గానీ నర్సరీలో వెలిగించేవాడు కాదు. "మొక్కలు పసిపిల్లలు బిడ్డా, పొగ పడది" అనేవాడు. మొక్కల గురించి నాకు తెలిసిందంతా ఆయన పెట్టిన భిక్షే.

రాయి తీసి వదిలేసిన గని పక్కన ముళ్ల పొదలుండేవి. వాటి కింద నేలమీదే కౌజు పిట్టలు గుడ్లు పెట్టేవి. "గా జాగ జోలికి పోకు" అని తాత నా దగ్గర మాట తీసుకున్నాడు. ఆయన కంటి ఆపరేషన్‌కు వెళ్ళిన వారంలోనే పై ఆఫీసు వాళ్ళు చూడ్డానికి వస్తున్నారని తెలిసింది. జేసీబీ పెట్టి పొదలన్నీ చదును చేయించి, 'జీవవైవిధ్య వనం' అని బోర్డు పాతించాను. చేయించింది నేనే, ఎవరి మీదా నెట్టను.

తాత కొత్త కళ్ళద్దాలతో వచ్చి ఆ బోర్డు ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"బోర్డు మంచిగున్నది బిడ్డా. మరి కౌజులకు సదువొస్తదా?"

అంతే. తిట్టినా బాగుండేది.

మర్నాటి నుంచి ఎండిన తుమ్మకంప ఈడ్చుకొచ్చి అక్కడ కుప్పలు వేయసాగాడు. మొక్కలు నాటిద్దామన్నాను.

"గుంతలొద్దు. చేనుకు కంచె ఏసిన కాడ సూడలేదా? కంప మీద పిట్ట వాలుతది, రెట్టల ఇత్తనం పడ్తది, కింద మొలుస్తది. మేక మూతి పెట్టది. మనం జర ఓపిక పట్టాలె."

మంచాన పడ్డాక రోజూ ఫోను చేసి ఒక్కటే అడిగేవాడు: "కౌజు పిలిచిందా?" రోజూ లేదని చెప్పలేక, పోయిన వారం అబద్ధమాడాను.

"పిలిచింది తాతా, ఇందాకే విన్న."

అటువైపు కాసేపు దగ్గు. తర్వాత చిన్న నవ్వు.

"అది తెల్లారంగ పిలుస్తది బిడ్డా. నువ్వు ఆఫీసుకొచ్చేది పదింటికి గద."

ఆ తర్వాత ఫోను రాలేదు. నాతో ఆయన అన్న చివరి మాట అదే.

ఆయన పోయినప్పటి నుంచి తెల్లవారకముందే వెళ్ళి అక్కడ కూర్చుంటున్నాను. కౌజు పిలవలేదు. ఈ పొద్దున ఒక పికిలి పిట్ట వచ్చి కంప మీద వాలింది. అటూ ఇటూ చూసి, రెట్ట వేసి, ఎగిరిపోయింది.