మునెమ్మ చూడని బొమ్మ

ఫినాయిలు వాసన, టోకెను మారినప్పుడల్లా టింగుమనే గంట, ఎదురుగా గోడమీద టీవీ. పోయిన వారం కళ్ళద్దాలు మార్చుకుందామని చిత్తూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రికి వెళ్ళాను. టీవీలో ఒక కన్ను ఉబ్బుతోంది, చిన్నదవుతోంది, మళ్ళీ ఉబ్బుతోంది. చుట్టూ చిరిగిన కాగితంలా తెల్లటి అంచు. నాకు ఒళ్ళు మండింది. ఆ కన్ను గీసింది మా సుగుణక్క. ఆమె చేతిలో అది రెప్ప వాల్చి తెరిచేదే తప్ప, ఎన్నడూ ఉబ్బలేదు.

సుగుణక్క పోయి ఏడాదయింది. మేడమీద ఒక్క గది, రెండు కంప్యూటర్లు, అదీ ఆమె షాపు. తను చదివింది పదో తరగతి. తిరుపతిలో బీయస్సీ చేసి వచ్చి ఆమె దగ్గర పనికి చేరిన నాకు ఆ సంగతి రోజూ గుర్తుండేది, ఆమెకు ఉండేది కాదు. ఇరవయ్యేళ్ళ కిందట ఈ ఆస్పత్రి కంప్యూటర్ల కోసం కన్ను, పన్ను, ఎముక, కడుపుతో ఉన్న ఆడమనిషి, ఇలా చిన్న చిన్న ఐకాన్లు ఆమే గీసింది. తరవాత హాల్లో టీవీ పెట్టి, అవే బొమ్మలు కదలాలన్నారు. వాటిని జిఫ్‌లుగా మార్చే పని నాకిచ్చింది.

మనిషి నడిచి డాక్టరు గది తలుపు దాకా వెళ్ళే బొమ్మ చేశాను. చివర నుంచి మొదటికి దూకినట్టు కనిపిస్తోందని, అవే ఐకాన్లను తిరగేసిన వరసలో మళ్ళీ చేర్చాను. ఊయలలా సాగింది. నాకు నేనే మురిసిపోయాను. అయితే మునెమ్మ చూడనిదే ఏ బొమ్మా ఆ షాపు మెట్లు దిగకూడదని సుగుణక్క నియమం. మునెమ్మ పూతలపట్టు నుంచి వచ్చి మెట్ల కింద ఉడకబెట్టిన శెనక్కాయలు అమ్మేది. అక్షరం ముక్క రాదు. పైకొచ్చి, చెయ్యి కొంగుకు తుడుచుకుని చూసింది.

“ఈయప్ప ఆడికి పోయి, మళ్ళా ఎనక్కి వచ్చేస్తాండాడే. ఆడ డాక్టరు లేడా ఏంది?”

నాకు అవమానంగా తోచింది. “సదువు రాని ఆమెకేం తెలుస్తాదక్కా? బొమ్మ కింద రాసే ఉండాది గదా” అన్నాను, ఆమె ముందే. సుగుణక్క అరిచే మనిషి. ఆ రోజు అరవలేదు.

“సదవను వచ్చినోళ్ళకు ఆ రాతే సాలు. మరి ఈ బొమ్మ ఎవురికి పాపా?”

ఆ రోజంతా పక్కన కూర్చుని నేర్పింది. ఐకాన్ ఫైలంటే ఒకే బొమ్మను నాలుగైదు సైజుల్లో కట్టిన మూట. అందులో ఒక్క సైజునే తియ్యాలి, లేకపోతే అన్నీ ఒకదాని వెనక ఒకటి ఆడి బొమ్మ ఉబ్బి తగ్గుతుంది. జిఫ్‌కు సగం పారదర్శకంగా ఉండే రంగు తెలియదు, కాబట్టి అంచుల్లో ముందే తెర రంగు నింపాలి, లేకపోతే తెల్లటి అంచు మిగులుతుంది. సాయంత్రానికి మా మనిషి తలుపులోకి వెళ్ళాడు, తలుపు మూసుకుంది, ఒక క్షణం ఆగింది. మునెమ్మ తలూపింది. “లోపలికి పోయినాడు. తిరిగొచ్చేది డాక్టరు చేతిలో ఉండాది.”

పోయిన వారం ఆ ఆస్పత్రిలో నా పక్కనున్న పెద్దాయన కర్ర పట్టుకుని మామూలు జబ్బుల వరుసలో కూర్చున్నాడు. కంటికి పొర కమ్మిందట. కంటి వరుసలో కాక ఈ వరుసలో ఎందుకని అడిగాను.

“అది వాపు కండ్లోళ్ళకంట గదమ్మా, బొమ్మ సూపిస్తాండాది. నాకు వాపు లేదు.”

పొద్దున ఎనిమిది నుంచి అక్కడే. కంటి డాక్టరు పన్నెండుకు వెళ్ళిపోతాడు. బ్యాగు తగిలించుకుని బయల్దేరిన డాక్టరుకు అడ్డంగా నిలబడి, పెద్దాయనను లోపల కూర్చోబెట్టి, నేరుగా మేనేజరు దగ్గరికి వెళ్ళాను. టై కట్టిన కుర్రాడు నవ్వాడు. పాత కంప్యూటర్లో ఐకాన్లు దొరికాయట, ఇంటర్నెట్లో వేస్తే నిమిషంలో కదిలే బొమ్మలుగా మారిపోయాయట. “కింద రాసే ఉంది కదా మేడం, చదువుకోవాలి.”

అది నా మాటే. అయినా నా నోరు ఆగలేదు. ఇరవయ్యేళ్ళ కిందట నన్ను నేను తిట్టుకోవలసినవి కూడా కలిపి తిట్టాను. చివరికి, మంచివి ఉంటే మెయిల్ చెయ్యమన్నాడు.

మెయిల్ చెయ్యలేదు. మర్నాడు సుగుణక్క ఫైళ్ళున్న ల్యాప్‌టాప్‌తో వెళ్ళాను. అతను కుర్చీ జరుపుకుని ముందుకు వంగాడు. మీరు కాదన్నాను. వరండాలో నేల తుడుస్తున్న ఆమెను పిలిచి, చదువు వచ్చా అని అడిగాను. తిడతాననుకుందేమో, రాదమ్మా అంటూ ముడుచుకుపోయింది.

“అయితే నువ్వే రామ్మా” అని కుర్చీ ఆమెకు లాగాను.