జర్మనీలో పన్ను ఎక్కువ

ఆ రోజుల్లో (మరీ పాతవేమీ కావు) గచ్చిబౌలిలో మా వయసువాళ్లకు ప్రేమా దిగులూ అన్నీ ఉండేవి కానీ, వాటిని చెప్పుకోవడానికి పన్నుల భాష తప్ప ఇంకోటి వచ్చేది కాదు. బాగున్నావా అని పలకరించినవాడే రెండో మాటగా పాత పద్ధతిలో కడుతున్నావా, కొత్త పద్ధతిలోనా అని అడిగేవాడు. నేను కాకినాడ నుంచి వచ్చి హాస్టల్లో ఒక్కణ్ణే పడి ఉండేవాణ్ణి. శని, ఆదివారాల్లో నా గొంతు నాకు వినబడేది భోజనం తెచ్చినవాడికి ఓటీపీ చెప్పేటప్పుడే. (నాలుగంకెలు. వాటినీ కాస్త సాగదీసి చెప్పేవాణ్ణి.) మిగతా రోజుల్లో నాకు దిక్కు పక్క సీటు అమ్మాయి. బాచుపల్లి నుంచి వచ్చేది కనక ఆఫీసులో ఆమె బాచుపల్లి, నేను కాకినాడ. నేను మా వైపు అలవాటు కొద్దీ ఆమెను అండీ అనేవాణ్ణి, ఆమె నన్ను నువ్వనేది. సాయంత్రం బయట బండి దగ్గర ఇద్దరం టీ తాగేవాళ్లం. అంతే. ఆ టీ కోసమే నేను ఆఫీసుకు వెళ్లేవాణ్ణి.

అలాంటప్పుడు ఒక సోమవారం మేనేజరు పిలిచి, జర్మనీ ఆఫీసులో ఖాళీ ఉంది, వెళ్తావో లేదో శుక్రవారంలోగా చెప్పమన్నాడు. నాకు వెళ్లాలని లేదు. బాచుపల్లి ఒక్కసారి వద్దంటే చాలు, ఆగిపోదామని ఆశ. ఆ మాట ఎలా అనిపించాలో తెలియక, టీ దగ్గర జర్మనీ గొప్పలు మొదలుపెట్టాను. జీతంలో బోలెడు పన్ను కోస్తారట గానీ ఆస్పత్రికెళ్తే జేబు తడుముకోనక్కర్లేదట, పిల్లల చదువుకు ఫీజుల్లేవట. మనమేమో పన్నూ కట్టి, బడికీ కట్టి, నీళ్ల ట్యాంకరుకూ కట్టుకోవాలి. ఆమె వద్దంటుందేమోనని రోజుకో సుగుణం చేర్చాను. ఆమె బుద్ధిగా వింది. అక్కడి ఇంటి కిరాయిల గురించి ప్రశ్నలు కూడా వేసింది. (జవాబులు వెతికి మరీ తెచ్చాను, నా ఖర్మ.)

గురువారం భయమేసి ప్లేటు ఫిరాయించాను. ఆదివారం దుకాణాలు మూసేస్తారట, ఇల్లు దొరకడం గగనమట, పలకరించే దిక్కుండదట అన్నాను. ఇక్కడ నిన్ను పలకరించేదెవరని ఆమె అడగలేదు. అడిగుంటే చెప్పేసేవాణ్ణి. శుక్రవారం మేనేజరుతో పన్ను ఎక్కువండీ, వెళ్లనన్నాను. ఆయన నా ముందుచూపును తెగ మెచ్చుకున్నాడు.

ఆ పై వారం తెలిసింది, ఆ ఖాళీలోకి బాచుపల్లి వెళ్తోందని. నా మొదటి మూడు రోజుల ఉపన్యాసం ఆమెకు బాగా నచ్చిందట.

ప్రయాణానికి ముందు చివరి టీ తాగుతూ ఆమె రోడ్డు మీది ఆఫీసు బస్సుల వైపు తిరిగింది. అటే చూస్తూ అంది.

"గన్ని లెక్కలు చెప్పినవ్ కాకినాడా. ఉండుమని ఒక్కసారన్న అడుగుతవేమో అని చూసిన."

ఇప్పుడైనా చెప్పెయ్యాలని నోరు తెరిచాను.

"అక్కడ పెన్షన్‌కని కూడా కోస్తారండీ. తిరిగొచ్చేస్తే అందులో కొంత వెనక్కిస్తారట."

ఆమె నవ్వి, సరే తియ్ అని గ్లాసు కింద పెట్టింది.

ఇప్పుడు మా టీములో కొత్త పిల్లలు విదేశీ బదిలీల గురించి సలహాకొస్తే, ముందు ఇక్కడ ఎవరికైనా ఏమైనా చెప్పాల్సింది ఉందా అని అడుగుతాను. వాళ్లు వింతగా చూస్తారు. ఆనాటి కుర్రాణ్ణి తలుచుకుంటే నాకు నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. పాపం, వాడు చెప్పిన లెక్కల్లో ఒక్కటీ తప్పు లేదు.