మౌన పర్యవేక్షకులవారి ఎడమ చెవి

మా పాఠశాల మౌన పర్యవేక్షకులవారు గత మంగళవారం ఇక్కడే, ఒమన్‌లోని సలాలాలో, గుండెపోటుతో కన్నుమూశారు. ఈ వార్త తల్లిదండ్రుల వాట్సాప్ బృందంలో, బస్సు ఆలస్యమవుతుందన్న ప్రకటనకూ, పోయిన నీళ్ల సీసా గురించి ఒక తల్లి చేసిన విజ్ఞప్తికీ మధ్య వెలువడింది. సీసా దొరికిందని కాసేపటికి మరొకరు రాశారు. ఆ తరువాత వచ్చిన నమస్కారాలు ఏ వార్తకు చెందినవో నిర్ధారించడం సాధ్యపడలేదు.

మౌనానికి పర్యవేక్షకుడు ఎందుకని పాఠకులు అడగవచ్చు. మాది భారతీయుల పిల్లలు చదివే బడి. ముస్లిం పిల్లలకు మతపాఠం ఒక గదిలో, మిగిలినవారికి నీతిపాఠం పక్క గదిలో జరుగుతాయి. ఉదయపు ప్రార్థన మాత్రం అందరిదీ. ఈ మూడింటినీ గమనించడానికి తల్లిదండ్రులతో ఒక కమిటీ ఏర్పడింది. నేను దానికి కార్యదర్శిని. ప్రార్థన గీతం మొదటి చరణంలో దేవుడి పేరు ఉందని ఒకరు అభ్యంతరం చెప్పగా తొలగించాం. రెండో చరణంలోని జ్యోతి ఫలానా మతానికి చెందుతుందని మరొకరు అనగా జ్యోతి ఆరిపోయింది. చివరికి ‘మాకు మంచి బుద్ధి ప్రసాదించు’ అన్న వాక్యం ఒక్కటే మిగిలింది. ప్రసాదించవలసినది ఎవరని కోశాధికారి అడిగారు. జవాబు లేకపోవడంతో అదీ పోయింది. మిగిలిన మౌనాన్నే సామూహిక ప్రార్థనగా ఏకగ్రీవంగా ఆమోదించాం. ఆ కమిటీ చరిత్రలో ఏకగ్రీవమైనది అదొక్కటే.

ఆ మౌనాన్ని గమనించే బాధ్యత ఆయనకు అప్పగించాం. ఆయనది కడప. ఊరి పక్కన రైసూత్‌లోని ఒక ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరు. యంత్రాల రొద కొలవడం ఆయన డ్యూటీలో భాగం. రొద కొలిచే మనిషి నిశ్శబ్దాన్నీ కొలవగలడని కమిటీ భావించింది. వేదిక మీద కుర్చీ వేయించాం. ఆయన కూర్చోలేదు. ఇనుప ముక్కుల బూట్లతో, పసుపు జాకెట్టుతో వెళ్లి పిల్లల వెనుక నిలబడ్డారు.

“ముందర నించి చూస్తే అందరూ భక్తులేనప్పా. యెనక నించి చూడల్ల,” అన్నారు నాతో.

వెనుక నుంచి చూస్తే జారిన మేజోళ్లు, ఒక బూటుతో రెండో పిక్కను గోక్కునే కాళ్లు, ముందువాడి బ్యాగు జిప్పును నెమ్మదిగా లాగే వేళ్లు కనిపించేవి. ఆయన నివేదిక మాత్రం ప్రతిసారీ ఒకటే: మౌనం తృప్తికరం.

మతపాఠాన్నీ నీతిపాఠాన్నీ ఆఖరి బెంచీలో కూర్చుని వినేవారు. ఒకరోజు రెండు గదుల్లోనూ అబద్ధం ఆడరాదన్న పాఠమే నడిచింది. “రెండు రూముల్లో ఒకటే చెప్తాండారు. నడాన గోడ యెందుకో కట్టినోళ్లనే అడగల్ల,” అన్నారు బయటికి వస్తూ. పాఠం ఆయనకు బాగా అర్థమైందనే నేను నమోదు చేసుకున్నాను.

కొన్నాళ్లకు మౌనానికి భంగం వాటిల్లింది. ఒకటో తరగతి వరుసలో, గోడ పక్కన నిలబడే ఒక పాప కళ్లు మూసుకుని ఏదో గొణుగుతోంది. గోదావరి జిల్లా వాళ్లు. తండ్రి పోర్టులో పనిచేస్తూ కాలు విరిగి ఆసుపత్రిలో ఉన్నాడు. ఇది కమిటీకి సంబంధించిన సమాచారం కాదు. ఆ గొణుగుడు ఏ మతానిది అన్నదే ప్రశ్న. ఫలానా మతానిదని తేలితే పాపను అసెంబ్లీ ముగిసేదాకా వరండాలో విడిగా నిలబెట్టాలనీ, ఆపైన పిల్లలందరినీ మతాలవారీగా వేర్వేరు గదుల్లో ప్రార్థన చేయించాలనీ తీర్మానం సిద్ధమైంది. పర్యవేక్షకులవారు వెళ్లి, పాప పక్కన నిలబడి, విని వచ్చి చెప్పాలి.

వెళ్లారు. నిలబడ్డారు. వచ్చారు.

“ఏమన్నది సార్ ఆ పిల్ల? గదే చెప్పుండ్రి ముందు,” అన్నారు కోశాధికారి. ఆయనది కరీంనగర్.

“యినపళ్లేదు సార్.”

“పక్కనే నిలబడ్తిరి గద!”

“పక్కనే. పాప నాకు యెడమ పక్కనుండాది. ఆ చెవి పన్జెయ్యదు. ఫ్యాక్టరీ రొదకు పాయె.”

“అయితే అటు దిక్కు పోయి నిలబడుండ్రి.”

“అటుపక్క గోడుండాది.”

పాపను వరుసలో జరపవచ్చు. కానీ ఎత్తు ప్రకారమే నిలబడాలని మా నిబంధన. మరొకరు వెళ్లి వినవచ్చు. కానీ పర్యవేక్షకుడు తప్ప ఇతరులు పర్యవేక్షించరాదని మరో నిబంధన.

“మనం రాసుకున్న రూల్సే మనకు అడ్డం పడ్తున్నయి గదనయ్యా!”

“బాగా రాసినారు సార్. గట్టిగుండాయి.”

ఆధారం లేనందున తీర్మానం వాయిదా పడింది. పిల్లలు ఒకే రేకుల కప్పు కింద కలిసి నిలబడుతూ వచ్చారు.

అప్పటి నుంచి కోశాధికారి ఆయన కుడి చెవిలో అరిచి మాట్లాడేవారు. టీ కొట్టులో మలబారీ సేట్ చేతులతో సైగలు చేసేవాడు. సేఫ్టీ ఆఫీసరుకే చెవుడని పుకారు ఫ్యాక్టరీకి చేరి, కంపెనీ ఆయనను చెవుల పరీక్షకు పంపింది. ఫలితం ఆయన ఎవరికీ చెప్పలేదు, ఉద్యోగమూ పోలేదు. పెళ్లిళ్లలో, ఇఫ్తారు విందుల్లో ఎడమ పక్క కూర్చున్నవారికి జవాబివ్వకుండా, మర్యాద తెలియని మనిషన్న పేరు మోశారు.

ఆయనను ఉదయం బడి నుంచి రైసూత్ దాకా నా కారులో దింపేవాణ్ని. ఇక్కడ స్టీరింగు ఎడమవైపు ఉంటుంది. పక్కన కూర్చున్నవారి ఎడమ చెవే నడిపేవారి వైపు ఉంటుంది. ఇక్కడ ఖరీఫ్ అనే వానకాలపు తుంపరలో అద్దాలు మూసుకుని మేము చాలా కాలం, గొంతు పెంచకుండానే, కబుర్లు చెప్పుకున్నాం. విశ్వవిద్యాలయ పట్టా ఉన్న నాకు ఈ విషయం స్ఫురించడానికి చాలా సమయం పట్టింది. స్ఫురించిన రోజు కారు పక్కకు ఆపాను.

“ఏ మతమండీ అది?” అని అడిగాను, చాలా మెల్లగా.

ఆయన అద్దంలోంచి కొబ్బరి తోటల వైపు చూశారు. “మా నాన్నకి కాలు నయమైపోవాలండీ, అనింది. అండీ అనిందప్పా. ఎవుర్ని అనిందో నాకు తెలీదు. మీ కమిటీలో ఎవురికన్నా తెలిస్తే చెప్పు, రాసుకుందాం.”

నేను కారు తీశాను. ఆ విషయం కమిటీ ముందు పెట్టలేదు. ఎజెండాలో దానికి స్థానం లేదు.

మొన్న బడిలో సంతాపంగా మౌనం పాటించారు. ఆయన నిలబడే చోట, పిల్లల వెనుక, కమిటీ సభ్యులం నిలబడ్డాం. ఆ పాప ఇప్పుడు ఐదో తరగతి. పొడుగు పెరిగి వరుస చివరికి, మాకు బాగా దగ్గరికి వచ్చింది. తుంపర రేకుల మీద పడుతోంది. ఆ చప్పుడు కింద సన్నగా, స్పష్టంగా, ఒక గొణుగుడు మొదలైంది.

కోశాధికారి తల కదిలింది. పాపను పిలుస్తారేమో అనుకున్నాను. ఆయన మెల్లగా, తన ఎడమ చెవి పాప వైపు వచ్చేటట్టు తల తిప్పుకుని, ఎదురుగా ఉన్న గోడను చూస్తూ నిలబడ్డారు. పక్కాయన కూడా తిప్పుకున్నారు. నేనూ తిప్పుకున్నాను. గొణుగుడు ఆగేవరకు మేమంతా అలాగే గోడను చూస్తూ నిలబడి ఉన్నాం. మాలో ఎవరికీ ఏమీ వినపడలేదు.