ఆరు వోల్టుల కాటా

మా నాయన బతుకంతా వోల్టేజీ పెంచమని అర్జీలు పెట్టాడు. మార్కాపురంలో మాది వీధి చివరి ఇల్లు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర బయలుదేరిన కరెంటు మా గడప తొక్కేసరికి అలిసిపోయి ఉండేది. తిరుగుతున్న ఫ్యానుకు రెక్కలెన్నో పడుకుని లెక్కపెట్టేవాళ్ళం. అలాంటి మనిషి ఒక వారం పాటు సరిగ్గా అన్నం తినకుండా, వోల్టేజీ తగ్గించడం ఎలాగా అని తల బద్దలు కొట్టుకున్నాడు. ఇంట్లో ఆ సంగతి ఎప్పుడు కదిలినా నవ్వుకుంటాం. 

రాష్ట్రం రెండుగా విడిపోయిన మరుసటి ఏడు సంగతి ఇది. నేను బీఎస్సీ బోటనీ ముగించి, టీచరు ఉద్యోగానికి చదువుతున్నాననే పేరుతో ఇంట్లో ఉన్నాను. నాయనది చింతపండు వ్యాపారం. వారానికొకసారి పెద్దారవీడు దాటి కొండ అంచున జరిగే సంతకు పోయి, నల్లమల లోపలి నుంచి చింతపండు, కుంకుడుకాయలు తెచ్చేవాళ్ళ దగ్గర కొనేవాడు. మా తాతదీ అదే పని, అదే సంత, సంతలో అదే మూల. అక్కడ మా సరుకు కన్నా మా తూకానికి పేరు ఎక్కువ. నాయన గర్వమంతా అదే.

అప్పటికి రెండేళ్ళ కిందట పాత తక్కెడను, అరిగిపోయిన రాళ్ళను పాత ఇనుము కింద ఇచ్చేసి ఎలక్ట్రానిక్ కాటా కొన్నాడు. దాని పొట్టలో ఆరు వోల్టుల చిన్న బ్యాటరీ ఉంటుంది. అది ముసలిదైపోయి, పొద్దున ఛార్జింగు పెట్టి తీసుకుపోతే మధ్యాహ్నానికే కళ్ళు తేలేసేది. కొత్త బ్యాటరీ కొనమని అమ్మ చెప్పింది. అమ్మ చెప్పింది కాబట్టి నాయన కొనలేదు.

సరిగ్గా అప్పుడే గిద్దలూరులో మా బంధువొకాయన డాబా మీద పెద్ద సోలార్ ప్లేట్లు పెట్టించుకుని, తన పాత చిన్న ప్లేటును నాయనకు అంటగట్టాడు. నాలుగు వరసల్లో ముప్పై ఆరు నీలం గళ్ళు, మీద అద్దం, చుట్టూ అల్యూమినియం చట్రం. ఎండ మనది, ప్లేటు మనది, ఇంక ఎవరి కరెంటుతోనూ పనిలేదని నాయన ప్రకటించాడు. మా వైపు ఎండకు కొదవ లేదు కాబట్టి నాకూ ఆ మాటలో తప్పు కనిపించలేదు. అది పన్నెండు వోల్టుల ప్లేటని, నిండు ఎండలో ఇరవై దాకా పోతుందని, ఆరు వోల్టుల బ్యాటరీకి అది పసిబిడ్డకు పెళ్ళిభోజనం పెట్టినట్టని మాకు తర్వాత తెలిసింది. నాయన రెండు వైర్లూ తీసుకుని నేరుగా బ్యాటరీకి తగిలించాడు.

ఆ సంతకు నేనూ పోయాను. ప్లేటును ఎండ ఎటుంటే అటు తిప్పడం నా ఉద్యోగం. చదువుకు తగ్గ పని దొరికిందని అమ్మ ఎగతాళి చేసింది.

పొద్దున కాటా బాగానే పనిచేసినట్టుంది. బాగానే పనిచేసిందని ఎందుకనుకున్నామంటే, ఎవరూ అంకె వైపు రెండోసారి చూడలేదు. పదిన్నరకు మబ్బులు పట్టాయి. అప్పుడు వచ్చింది అవ్వ. చెంచుగూడెం మనిషి, మా తాత కాలం నుంచి మాకే సరుకు ఇచ్చేది. నాయన ఆమెను పెద్దమ్మ అనేవాడు. ఆమె ఏ దుకాణం ముందు మూట దించితే గూడెమంతా అక్కడే దించుతుంది. ఆమె చింతపండు మూట కాటా మీద పెట్టగానే పద్దెనిమిది కిలోలు పడింది. నాయన అంకె చెప్పేలోపు మబ్బు కమ్మింది. అంకె పదిహేడుకు జారింది. మళ్ళీ ఎండ వచ్చింది. పంతొమ్మిదికి పోయి అక్కడ నిలబడలేక ఊగింది. నేను కంగారుపడి ప్లేటును అటూ ఇటూ తిప్పాను. నేను తిప్పినప్పుడల్లా చింతపండు బరువు మారింది.

గాలికి అట్లాగే ఊగుతుందని నాయన సర్దిచెప్పబోయాడు. అవ్వ ఆకాశం వైపు చూసింది, ప్లేటు వైపు చూసింది, చివరికి నాయన వైపు చూసింది.

"ఏంది శెట్టీ, నా చింతపండు ఎండకు పెరిగి నీడకు తగ్గుతాదా?" అని, మూట దించుకుంది. "వచ్చే సంతకు వస్తా. ఆ లోపల నీ కాటాను ఒక్క మాట మీద నిలబెట్టు. నిలబడకుంటే పక్క దుకాణానికి పోతా."

ఆమె గొంతులో కోపం కూడా లేదు. కోపపడి ఉంటే నాయనకు సుఖంగా ఉండేది, తిరిగి కోప్పడేవాడు.  ఇంటికొచ్చి చూస్తే బ్యాటరీ పక్కలు ఉబ్బి ఉన్నాయి.

సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం నుంచి నేను మీటరు అడిగి తెచ్చాను. ప్లేటు ఇరవై వోల్టులు ఇస్తున్నదని అప్పుడు తెలిసింది. బ్యాటరీ మార్చినా ఈ ప్లేటు ఉన్నంత కాలం దానికీ ఇదే గతి అని నేను చెప్పాను. నాకు ఎలక్ట్రిసిటీ రాదు, కానీ సైన్సు చదివినదాన్ని కాబట్టి ఇంట్లో నా మాట చెల్లింది. అయితే వోల్టేజీ సగం చేద్దామన్నాడు నాయన. ప్లేటును పక్కన పెట్టెయ్యమంది అమ్మ. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే మనిషితో ముప్పై ఏళ్ళు కాపురం చేసి కూడా అమ్మ అలాంటి సలహాలు ఇస్తూనే ఉండేది.

నాయన సిద్ధాంతం తేలిక. సగం ప్లేటు కప్పితే సగం వోల్టేజీ రావాలి. కింది సగం మీద గోనెసంచి కప్పాడు. మీటరు ముల్లు దాదాపు సున్నాకు పడిపోయింది. పావు కప్పాడు, అదే కథ. సంచి తీసేస్తే మళ్ళీ ఇరవై. సరే, ఎండ తగ్గిస్తే పోలా అని ప్లేటును వరండా నీడలోకి లాగాడు. పద్దెనిమిది. సాయంత్రం దాకా కూర్చుని చూశాడు, పొద్దు వాలుతున్నా అది పదహారు కిందికి దిగలేదు. నీడలో కూర్చుని కూడా పొగరు తగ్గని దాన్ని చూసి నాయనకు ఒళ్ళు మండింది. ముప్పై ఏళ్ళుగా కావాలన్నప్పుడు రాని వోల్టేజీ ఇప్పుడు వద్దంటే పోవడం లేదని, దీని బుద్ధీ మనుషుల బుద్ధే అని తిట్టాడు.

నాలుగో రోజు పలకల మామ వచ్చాడు. ఊరి బయట ఆయనకు పలకల షెడ్డు ఉంది. పిల్లలు రాసుకునే పలకలకు గిరాకీ పడిపోయి, అప్పటికి నేలకు పరిచే బండలు కోస్తున్నాడు. మాకు చుట్టరికం లేదు, కానీ నాయనను బావా అని పిలిచేవాడు. ఆయన చేతిలో రాయి పగిలిందని ఊళ్ళో ఎవరూ అనుకోగా వినలేదు. రాయిని చూసి, వేలితో తట్టి, ఎక్కడ కోస్తే ఎటు విడుతుందో చెప్పేవాడు. ఆయన ప్లేటును రెండు చేతులా ఎత్తి బరువు చూశాడు, అంచు తడిమాడు, వేలితో తట్టి విన్నాడు. పన్నెండు వోల్టుల బండ ఆరు వోల్టులు కావాలంటే నడిమికి కోసెయ్యడమే అని తేల్చాడు.

ఇది ఇంకో ఊళ్ళో ఎవరికీ తట్టదు. పలకలు కోసి బతికే మార్కాపురంలో పుట్టి పెరిగినవాళ్ళకు మాత్రం పెద్దగా ఉన్నదాన్ని కోసి చిన్నది చేసుకోవడం కన్నా సహజమైన పని లేదు. అమ్మ ఒక్కతే భయపడింది.

"రాష్ట్రాన్నే రెండు ముక్కలు కోసినారు. ఇదెంతక్కా," అన్నాడు మామ.

నన్ను అడిగారు. నేను బోటనీ మనిషిని. కొమ్మను కోసి నాటితే రెండూ బతకడం చూసినదాన్ని. కోసిన తర్వాత ఇంకో సగాన్ని ఇంట్లో దీపానికి వాడుకోవచ్చని కూడా అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మర్నాడు షెడ్డులో మామ స్క్రూలు విప్పి చట్రం ఊడదీశాడు. కొలబద్ద పెట్టి నడిమికి సుద్దగీత గీశాడు. రాయికి కొట్టినట్టే బ్లేడు మీద నీళ్ళు కొట్టాడు. మిషను తిరిగింది. బ్లేడు అద్దం అంచును ఇట్లా తాకిందో లేదో, టప్పుమని చిన్న చప్పుడు. కోత లేదు, ముక్కలు లేవు. ఈ మూల నుంచి ఆ మూల దాకా అద్దమంతా ఒక్క క్షణంలో నెరలు విచ్చి, తెల్లగా పటికబెల్లంలా అయిపోయింది. కానీ ఒక్క పెంకు కింద రాలలేదు. కింద ఏదో జిగురు పొర పట్టుకుని ఉంది. మామ మిషను ఆపి, తన చేతులను చూసుకుంటూ నిలబడ్డాడు.

 నాయన ప్లేటును ఎండలోకి మోసుకుపోయి మీటరు పెట్టమన్నాడు. పెట్టాను.

పంతొమ్మిదిన్నర.

వెయ్యి ముక్కలైంది కానీ వోల్టేజీ మాత్రం చెక్కు చెదరలేదు. నాకు నవ్వాగలేదు. నాయన కూడా నవ్వాడు, మామ కూడా, ముగ్గురం ఆ షెడ్డు ముందర కడుపు పట్టుకుని నవ్వాం. నవ్వు ఆగేసరికి నాయన ముఖం చూడలేకపోయాను. సంతకు రెండు రోజులే ఉన్నాయి. "పెద్దమ్మ వస్తాది. వచ్చి నన్ను చూసి పక్కకు పోతాది," అన్నాడు. అప్పటిదాకా అది ఆయన పంతమనుకున్నాను. అది భయమని ఆ మాటతో తెలిసింది.

మామ ఆ ప్లేటును వదిలిపెట్టలేదు. తన చేతిలో పగిలిన మొదటి వస్తువు కదా, దాని లోపల ఏముందో చూడకుండా నిద్రపట్టదన్నాడు. మర్నాడు పొద్దున్నే వచ్చి, రాయిలో పొర ఎటు పోతుందో చూసినట్టు దాన్ని వాలుగా పట్టుకుని గళ్ళ మధ్య తీగలను వేలితో వెతుక్కుంటూ పోయాడు. తీగ మొదటి వరసలో కిందికి, రెండో వరసలో పైకి, మళ్ళీ కిందికి, మళ్ళీ పైకి నడిచింది. నట్టనడుమ, సరిగ్గా పద్దెనిమిది గళ్ళు అయ్యాక, సన్నని తీగ ఒకటి పక్కకు చీలి వెనకనున్న నల్ల డబ్బాలోకి దిగింది. ఊరికే అయితే ఎవరూ తీగ దించరు కదా అన్నాడు.

వెనక డబ్బా మూత తీశాం. అంతవరకు దాన్ని తెరవాలని మాలో ఒక్కరికీ తోచలేదు. లోపల చివరల్లో వైర్లు బిగించే రెండు బిళ్ళలు, మధ్యలో ఇంకొకటి. ఈ చివర నుంచి మధ్యకు మీటరు పెట్టాను. పది. అవతలి చివర నుంచి మధ్యకు, అదీ పదే. బ్యాటరీకి తగిలించినప్పుడు ఏడు దగ్గర నిలబడింది. ఆరు వోల్టుల బ్యాటరీ ఛార్జింగుకు కావలసింది అంతే. ఒక వైరు ఊడదీసి మధ్యకు మార్చడం స్క్రూడ్రైవరుతో రెండు నిమిషాల పని. దానికోసం మేము గోనెసంచి కప్పి, నీడలో కూర్చోబెట్టి, చివరికి బండలు కోసే మిషను కింద పెట్టాం. సగాలు కుడి ఎడమలుగా ఉన్నందున, కింది సగం కప్పినప్పుడు రెండు సగాలకూ గోనె తగిలి రెండూ చచ్చాయని, నిలువునా కప్పి ఉంటే పని జరిగేదని కూడా అప్పుడే అర్థమైంది.

ఉబ్బిన బ్యాటరీ స్థానంలో నాయన కొత్తది కొన్నాడు. కొత్త బ్యాటరీ రాత్రంతా ఛార్జింగు పెడితే రెండు సంతలకు వస్తుందని, అలాంటప్పుడు ప్లేటెందుకని అమ్మ అడిగింది.  నాయన ప్లేటును దుప్పటిలో చుట్టి ఆటో ఎక్కించాడు.

సంతలో దాన్ని నిలబెడితే ఆ నెరల మీద ఎండ పడి నలుగురికీ కళ్ళు చెదిరాయి. పగిలిన ప్లేటుతో శెట్టి వచ్చాడని జనం మూగారు. అవ్వ చెప్పినట్టే వచ్చింది. మూట కాటా మీద పెట్టింది. పద్దెనిమిది కిలోల నాలుగు వందలు. తన భుజం మీది తువ్వాలు తీసి ప్లేటు మీద పరిచింది. అంకె కదల్లేదు. తువ్వాలు తీసింది. కదల్లేదు. నాయన ముఖం విచ్చుకుంది. మధ్య బిళ్ళ గురించి, సగం వోల్టేజీ గురించి అవ్వకు వివరించడం మొదలుపెట్టాడు. ఆమె చివరిదాకా విని, తన మూటను కాటా మీద నుంచి దించి కాళ్ళ దగ్గర పెట్టుకుంది.

"ఇప్పుడు బాగుంది సరే. పోయిన సంతలో నాకంటే ముందు తూచుకున్నోళ్ళకు ఎంత తప్పు పడింది?"

 వారమంతా మేము ఆ ప్రశ్న ఒక్కసారి కూడా వేసుకోలేదు. పొద్దున ఎండలో తూచిన మూటలు, మొదటి మబ్బులో తూచిన మూటలు, అవన్నీ మా కొట్లో కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. నాయన దగ్గర ఎప్పుడూ జవాబుంటుంది. గాలి అంటాడు, నేల ఎత్తుపల్లాలంటాడు, ఏదో ఒకటి అంటాడు. అవన్నీ ఆయన పెదవుల దాకా రావడం నాకు కనిపించింది.

"తెలీదు పెద్దమ్మా," అన్నాడు నాయన. "ఎక్కువ పడిందో తక్కువ పడిందో, అదీ తెలీదు. మూటలు ఇప్పలేదు. వచ్చే సంతకు తెచ్చి అందరి ముందర మళ్ళ తూస్తా."

 అవ్వ కాసేపు ఆయననే చూసింది.

"అట్ల చెప్పు," అని మూట మళ్ళీ కాటా మీద పెట్టింది. "ఇంక తూచు."

నాయన అంకె మీదికి వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు. తర్వాత నన్ను చదవమని చేత్తో సైగ చేశాడు. కళ్ళనిండా నీళ్ళతో ఆయనకు అంకె కనిపించడం లేదు. నేను అందరికీ వినపడేలా చదివాను.